వలెన్సియాలో కాపురం: కాలవలు, వరిచేలు, రెండు గంటలకు భోజనం

స్పెయిన్‌లోని వలెన్సియాకు ఉద్యోగం మీదో చదువు కోసమో వచ్చే మనవాళ్ళకు అందరూ ముందు చెప్పే పేట రుసాఫా. కాఫీ కొట్లు, బార్లు, నడక దూరంలో పెద్ద రైల్వే స్టేషను. నాలుగు రోజులు ఉండి వెళ్ళేవారికి బాగానే ఉంటుంది. కాపురానికి మాత్రం నేను వద్దనే చెబుతాను. రాత్రి పది దాటాకే ఆ వీధులకు సందడి మొదలవుతుంది, పిల్లలు పడుకోలేరు.

మేముండేది ఊరికి ఉత్తరాన బెనిమాక్లెట్‌లో. ఒకప్పుడు అది విడిగా పల్లెటూరు. చర్చి ముందు చిన్న కూడలి, పొట్టి పొట్టి పాత ఇళ్ళు ఇంకా మిగిలున్నాయి. ఊరి మధ్యకు మెట్రోలో పది నిమిషాల్లోపే. అదే మూడో నంబరు లైను విమానాశ్రయానికీ వెళుతుంది. ట్రామెక్కితే సముద్రపు ఒడ్డుకు చేరొచ్చు. వీటన్నిటికన్నా నన్ను ఇక్కడ నిలబెట్టింది పేట అంచున మొదలయ్యే చేలు. ఉల్లి, క్యాబేజీ మళ్ళ మధ్య పారే కాలవలు చూస్తే కోనసీమలో పెరిగిన మనిషికి ప్రాణం లేచివస్తుంది.

ఆ కాలవలకు ఒక న్యాయస్థానం ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం 12కి పెద్ద చర్చి అపొస్తలుల ద్వారం ముందు, నల్ల అంగీలు వేసుకుని, తూరియా నది నీళ్ళు పంచే 8 కాలవల రైతు ప్రతినిధులు కూర్చుంటారు. ఒక్కో కాలవ పేరు పిలిచి ఫిర్యాదులున్నాయా అని అడుగుతారు. వాదనలు, తీర్పు అంతా నోటిమాటే, అదీ వలెన్సియన్ భాషలో. పై కోర్టుకు అప్పీలు లేదు. 2009లో యునెస్కో దీన్ని గుర్తించింది. ఫిర్యాదు లేకపోతే కొద్ది నిమిషాల్లో ముగిసిపోతుంది, అయినా వెళ్ళి చూడండి. కాలవ చివరి చేనుకు నీరందక జరిగే తగాదాలు తెలిసిన మనవాళ్ళకు దాని విలువ ఇట్టే అర్థమవుతుంది.

నీళ్ళకు ఇక్కడ ఇంకో ముఖం కూడా ఉంది. 1957 వరదల తర్వాత తూరియాను ఊరికి దక్షిణంగా మళ్ళించారు. పాత నదిగర్భం ఇప్పుడు కిలోమీటర్ల పొడవున తోట. సైకిలు తొక్కడానికి, పిల్లల్ని ఆడించడానికి ఇంతకన్నా మంచి చోటు ఊళ్ళో లేదు. కానీ 2024 అక్టోబరు 29న వచ్చిన వరద దక్షిణాన పైపోర్తా, కతరోహా వంటి ఊళ్ళను ముంచేసింది. 200 మందికి పైగా పోయారు. తర్వాతి రోజుల్లో చీపుళ్ళు, పారలు పట్టుకుని వేలమంది కుర్రకారు వంతెన దాటి నడిచి వెళ్ళారు. ఈ ఊరి మీద నాకున్న గౌరవానికి అదే పెద్ద కారణం.

కూరగాయలకు 1928లో తెరిచిన సెంట్రల్ మార్కెట్ భవనం చూడాల్సిందే, మధ్యాహ్నం మూడింటిదాకానే ఉంటుంది, ఆదివారం సెలవు. వారం వారం సరుకులకు పేట మార్కెట్టే నయం. దుకాణం ముందు బారు కనిపించదు, వెళ్ళగానే "ఆఖరు ఎవరు?" అని అడిగి, ఆ మనిషి తర్వాత మన వంతు అని గుర్తుపెట్టుకోవాలి. ఆరోగ్య కేంద్రంలోనూ ఇదే పద్ధతి. ఉద్యోగం చేస్తూ సోషల్ సెక్యూరిటీ కట్టేవారు ముందు మునిసిపాలిటీలో చిరునామా నమోదు చేసుకుంటే సిప్ అనే ఆరోగ్య కార్డు ఇస్తారు. ఆ కార్డు మీద మాకు అందిన వైద్యం శ్రద్ధగా ఉంది. ఫారాల్లో రెండు ఇంటిపేర్ల గడులుంటాయి, తండ్రిదొకటి, తల్లిదొకటి. పాస్‌పోర్టులో ఉన్నదే అన్నిచోట్లా ఒకేలా రాయించండి, లేకపోతే కాగితాలు ఒకదానితో ఒకటి కలవవు.

భోజనం మధ్యాహ్నం రెండింటికి. అంతకుముందు పది, పదకొండు మధ్య 'ఎస్మొర్సారెట్' అని పొడవాటి రొట్టె, వేరుశనగలు, ఆలివ్‌లతో గట్టి ఫలహారం. శాకాహారులు గుడ్డు తింటే బంగాళదుంప అట్టు పెట్టిన రొట్టె అడగొచ్చు. పక్కనున్న అల్బొరాయాలో మాత్రం ఒర్చాతా తప్పక తాగాలి. మన రైతులు కలుపని పీకిపారేసే తుంగ జాతిదే ఒక గడ్డను ఇక్కడ పంటగా వేసి, నానబెట్టి రుబ్బి పాలు తీస్తారు. చల్లగా, తియ్యగా, ఎండాకాలం ప్రాణం నిలబెడుతుంది.

మార్చిలో ఫాయాస్ పండుగకు బంధువులొస్తామంటే బస మాత్రం ఊరి మధ్య తీసుకోవద్దు. 1 నుంచి 19 దాకా రోజూ మధ్యాహ్నం రెండింటికి టౌన్‌హాల్ కూడలిలో మస్క్లెతా అనే వరుస టపాకాయల మోత మోగుతుంది, కాళ్ళకింద నేల అదురుతుంది. చివరి రోజుల్లో రాత్రుళ్ళూ టపాకాయలే, వీధులు మూసేస్తారు, బస్సులు దారి మారతాయి. 19 రాత్రి వీధుల్లో నిలబెట్టిన అంతెత్తు బొమ్మలన్నిటినీ తగలబెడతారు. చెవులు సున్నితమైన పెద్దవాళ్ళను, పసిపిల్లలను ఆ వారం తీసుకురాకండి.

ఇక్కడి అన్నం వంటకం పాయేయా తినాలంటే సముద్రపు ఒడ్డు హోటళ్ళకన్నా అల్బుఫేరా సరస్సు పక్కనున్న ఎల్ పల్మార్ అనే పల్లె నయమని నా అభిప్రాయం. ఊళ్ళోంచి సిటీ బస్సు వెళుతుంది. సరస్సు చుట్టూ వరిచేలే, మేలో విత్తనాలు చల్లుతారు, సెప్టెంబరులో కోతలు. ఆగస్టులో వెళితే కనుచూపుమేర పచ్చటి వరే. అసలు వలెన్సియా పాయేయాలో కోడి, కుందేలు మాంసం, చిక్కుళ్ళు ఉంటాయి, చేపలుండవు. అడుగున పట్టే మాడే రుచి, దాన్ని గీకి మరీ తింటారు. మాంసం తిననివారు కూరగాయలది అడిగి, ఉడికించింది మాంసపు నీళ్ళతోనా అని కూడా కనుక్కోవాలి. చాలాచోట్ల కనీసం ఇద్దరికైతేనే వండుతారు, రాత్రి పూట అడగొద్దు, ఆదివారమైతే ముందురోజే బల్ల చెప్పి ఉంచుకోండి.