లీ ఎన్‌ఫీల్డ్‌కి స్కోప్, లోపల పోత సీసం: కొన్నేళ్ళు వాడాక నా మాట

నా దగ్గరున్నది రెండో ప్రపంచ యుద్ధంనాటి బ్రిటిష్ సైన్యపు రైఫిల్, లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4. కెనడాలో టొరంటో దగ్గరి లాంగ్ బ్రాంచ్ ఫ్యాక్టరీలో 1943లో తయారైంది. ఉండేది డాలస్ పక్కన కాబట్టి వంద గజాల రేంజ్‌కి కొదవ లేదు. కొన్నేళ్ళుగా దీనికి స్కోప్ బిగించి, ఇంట్లో పోత పోసిన సీసం బుల్లెట్లే కాలుస్తున్నాను. ఎలా ఉందని అడిగేవాళ్ళకి ముందే చెప్తున్నా: బుల్లెట్ సైజు కుదిరితే బ్రహ్మాండం. కుదరకపోతే ఎంత ఖరీదైన స్కోప్ పెట్టినా దండగే.

ఈ రైఫిల్ బోరుని 303 అంటారు. బుల్లెట్‌ని తిప్పడానికి బారెల్ లోపల మెలి గాడులు చెక్కితే మిగిలే గట్ల మధ్య కొలత అది, అంటే 0.303 అంగుళం. గాడుల అడుగు నుంచి కొలిస్తే ఏ తుపాకీ లెక్క దానిదే. యుద్ధకాలపు బారెళ్ళలో 0.311 నుంచి 0.316 అంగుళం దాకా కనిపిస్తుంది. పైగా నా బారెల్‌లో ఉన్నవి ఐదు గాడులు. గాడికి ఎదురుగా గట్టు వస్తుంది కాబట్టి మామూలు మైక్రోమీటర్‌కి నేరుగా దొరకదు. మెత్తని సీసం ముక్కకి నూనె రాసి బారెల్ లోంచి దించి, దాని చుట్టూ సన్నటి షిమ్ రేకు చుట్టి కొలిచి, రెండు వైపులా రేకు మందం తీసేస్తే 0.314 తేలింది. రాగి తొడుగున్న బుల్లెట్ 0.311 ఉన్నా అంత ఒత్తిడిలో ఎలాగో నెట్టుకొస్తుంది. సీసం అలా కాదు. సందు దొరికితే వేడి గ్యాస్ పక్కనుంచి దూసుకుపోయి బుల్లెట్‌ని కోస్తుంది, కోసిన సీసం గాడుల్లో అంటుకుంటుంది. చవక అచ్చులోంచి 0.312కి వచ్చిన బుల్లెట్లతో టార్గెట్ మీద చిల్లులు చెదిరిపోయేవి. పెద్ద అచ్చు కొని, 0.315కి సైజ్ చేసి, అడుగున గ్యాస్ చెక్ (వేడి గ్యాస్‌ని ఆపే చిన్న రాగి టోపీ) తొడిగాక ఐదు షాట్ల గ్రూప్, అంటే చిల్లుల గుంపు, రెండు, రెండున్నర అంగుళాల్లో స్థిరపడింది. ఎనభై ఏళ్ళ మిలిటరీ బారెల్‌కి ఇంతకంటే ఏం కావాలి!

సీసం ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనే నమ్మకం ఇక్కడి రేంజుల్లో బాగా పాతుకుపోయింది. నాకైతే అందులో పస కనపడలేదు. నూటికి 90 పాళ్ళు సీసం, 5 తగరం, 5 ఆంటిమొని ఉన్న పాత మిశ్రమం సెకనుకి 1600 అడుగుల వేగానికి బ్రహ్మాండంగా సరిపోతోంది. చక్రాల బ్యాలెన్సింగ్‌కి తగిలించే పాత టైరు బరువులు కరిగించేవాళ్ళు మాత్రం జింక్ ముక్కలు ఏరిపారేయాలి. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే జింక్‌కి 419 కావాలి. అందుకని కుండ వేడి అదుపులో ఉంటే జింక్ పైకి తేలుతుంది, చెంచాతో తీసేయొచ్చు. ఒకసారి కలిసిపోయిందంటే అచ్చు మూలలు నిండవు. కరిగించడం ఆరుబయటే, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాల్సిందే. ఏటా రక్తంలో సీసం పరీక్ష కూడా చేయించుకుంటున్నాను.

తూటా కట్టేటప్పుడు కేసు (మందు పోసే ఇత్తడి గొట్టం) మూతిని కాస్త వెడల్పు చేయకపోతే బుల్లెట్ దిగుతుంటే సీసం తీగలా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. ఆ బుల్లెట్ అప్పుడే పాడైనట్టు. ఇంతకన్నా భయపడాల్సింది డబుల్ ఛార్జ్‌కి. పెద్ద కేసులో కొంచెం తుపాకీ మందే పోస్తాం కాబట్టి పొరపాటున రెండుసార్లు పడినా పొంగిపోదు. బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ లైటు వేసి చూడాలి. కొలతలు అచ్చయిన డేటా నుంచే తీసుకోండి, నన్ను అడగొద్దు.

ఇక స్కోప్. గురి చూసే రియర్ సైట్ (వెనక సైటు) తీసిన చోట బిగించే మౌంట్ కాబట్టి తుపాకీకి కొత్త చిల్లు పడలేదు. కానీ స్క్రూలు వదులైపోతుంటాయి, లాక్‌టైట్ (స్క్రూలు వదలకుండా పట్టే జిగురు) వేయక తప్పలేదు. స్కోప్ అడ్డం కాబట్టి ఐదు తూటాల క్లిప్ పనికిరాదు, ఒక్కొక్కటే నింపుకోవాలి. భుజానికి ఆనించే వెనక చెక్క, తుపాకీతో వచ్చే మామూలు ఐరన్ సైట్లకి తగ్గట్టు చేసింది కావడంతో స్కోప్‌కి కన్ను ఆనించాలంటే గడ్డం గాల్లో ఉంటుంది. యుద్ధంలో హాలండ్ అండ్ హాలండ్ వాళ్ళు స్నైపర్లకోసం నంబర్ 4 (టీ)గా మార్చినప్పుడు చెక్క చెంపదిండు బిగించింది అందుకే. నేను తోలుది కట్టుకున్నాను.

ఇంత గోల ఉన్నా తీసేయలేదు. యాభై దాటిన కళ్ళకి ముందు సైటూ టార్గెటూ రెండూ ఒకేసారి కనపడవు. పైగా ఏ మందుకి ఏ గ్రూప్ వస్తోందో తేల్చడంలో నా చూపు తప్పు లెక్కలోంచి పోయింది. నెమ్మది బుల్లెట్ కొన్ని అంగుళాలు కిందికి, కాస్త పక్కకీ తగులుతుంది, దాన్ని సరిచేయడానికి స్కోప్ మీట ఎన్ని క్లిక్కులు తిప్పాలో రాసి పెట్టుకుంటే చాలు. మందు తక్కువ కాబట్టి భుజానికి నొప్పి లేదు, కేసులు కూడా త్వరగా చిట్లడం లేదు. ఎన్‌ఫీల్డ్ బోల్ట్‌ని బిగించి పట్టే లగ్గులు వెనక ఉండటంతో ఫుల్ ఛార్జ్‌లో కేసు సాగుతుంది మరి.

మన దగ్గర ఇది చదివి ఉత్సాహపడేవాళ్ళకి: ఇండియాలో 303 సామాన్యులకి నిషేధిత బోరు. లైసెన్సుదారుల చేతుల్లో 315 బోరు కనపడేది అందుకే.

ఒక్కటే షరతు పెట్టుకున్నాను. మధ్యలో రాగి తొడుగు బుల్లెట్లు పది కాల్చినా బారెల్‌లో రాగి పూత పడుతుంది, అదంతా కడిగి తీసేదాకా సీసం గ్రూప్ విచ్చుకుపోతుంది. కాబట్టి ఎవరైనా పాత మార్క్ 7 తూటాలు (రాగి తొడుగున్న మిలిటరీ 303) ఊరికే ఇస్తామన్నా తీసుకోవడం లేదు. వాటి ప్రైమర్లు (మందుని అంటించే టోపీలు) బారెల్‌కి పట్టించే తుప్పు ఒకటి అదనం.