ఇతరుల గాయాలు వినేవారికి ఏది మేలు: ధ్యానమా, కరుణ శిక్షణా, కేసుల చర్చా?

తిరుపతిలో ఇతరుల బాధ వినడమే వృత్తిగా ఉన్నవారు చాలామందే ఉన్నారు. ఇల్లు వదిలి రైలెక్కి ఇక్కడ దిగిన పిల్లలతో మొదట మాట్లాడేవారు, పోక్సో కేసుల్లో చిన్నారుల పక్కన కూర్చునేవారు, హింసకు గురైన మహిళలకు సాయపడే వన్ స్టాప్ సెంటర్‌కు వచ్చిన మహిళ చెప్పేది ఓపికగా వినేవారు. 2025 జనవరి 8న బైరాగిపట్టెడ తొక్కిసలాటలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. అలాంటి రోజు వార్తల్లోంచి త్వరగానే తప్పుకుంటుంది. బతికి బయటపడ్డవారి కలల్లోంచి తప్పుకోదు. ఆ కలలను వినే కౌన్సెలర్ మనసుకు ఏది రక్షణ?

వినడం వల్ల కూడా గాయమవుతుందన్నది ఊహ కాదు. మెకాన్, పెర్ల్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1990లోనే దీని గురించి రాశారు. వృత్తిరీత్యా ఘోరమైన వివరాలకు పదేపదే లోనవడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం) కూడా పీటీఎస్‌డీకి, అంటే ఘోర అనుభవాల తర్వాత వచ్చే మానసిక రుగ్మతకు, దారితీయగల అనుభవాల్లో చేర్చింది.

మన ఊళ్లో అందరికీ తేలికగా అందేది ధ్యానం. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ పద్ధతి శ్వాసను, శరీరాన్ని గమనించడం నేర్పుతుంది. భుజాలు బిగుసుకున్నాయని, మనసు ఇంకా పొద్దుటి కేసులోనే ఉందని తెలిసొస్తుంది. మంచిదే. అయితే కళ్లు మూసుకోగానే ఆ పాప ముఖం కనిపిస్తే ఏం చేయాలి? గమనించి వదిలేయమంటే వదిలేయడం అందరివల్లా కాదు. అసలు ఆ ముఖాన్ని వదిలేయాలని కౌన్సెలర్‌కు ఉండదు కూడా.

కరుణ శిక్షణ బలం ఇక్కడే తెలుస్తుంది. తానియా సింగర్, ఓల్గా క్లిమెకి బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాన్ని చూడండి. ఎదుటివారి బాధను తమలోకి తెచ్చుకుని అనుభవించే సాధనను ముందుగా నేర్పి, కష్టాల్లో ఉన్నవారి వీడియోలు చూపించారు. చూసినవారిలో దిగులు పెరిగింది. తర్వాత వారికే కరుణ సాధన నేర్పారు. వీడియోల్లో కష్టం అలాగే ఉంది. చూసేవారి దిగులు మాత్రం తగ్గింది, ఆత్మీయత పెరిగింది, మెదడులో వేరే ప్రాంతాలు చురుకయ్యాయి. పాల్గొన్నవారు చికిత్సకులు కారన్నది గుర్తుంచుకోవాలి. అయినా మన వృత్తికి ఇందులో పెద్ద ఊరట ఉంది. ఎదుటివారితో పాటు మునిగిపోతేనే మంచి కౌన్సెలర్ అన్న నమ్మకం ఎందరినో నలిపేస్తోంది. బాధను చూస్తూనే, వారికి మేలు జరగాలన్న కోరికలో నిలబడటం సాధనతో వస్తుంది.

బ్రిటన్ మనస్తత్వవేత్త పాల్ గిల్బర్ట్ పద్ధతిలో నెమ్మదైన లయతో శ్వాస తీసుకుంటూ, దయగల స్వరాన్ని, ముఖాన్ని ఊహించుకుంటూ, మనలో ప్రమాదాన్ని పసిగట్టే వ్యవస్థను శాంతపరచడం నేర్పుతారు. ఆయన చెప్పే కరుణకు మూడు దిశలు: మన నుంచి ఇతరులకు, ఇతరుల నుంచి మనకు, మన నుంచి మనకే. మొదటిది మనవాళ్లకు కొట్టిన పిండి. చిక్కంతా మిగతా రెండింటితోనే. మానవ సేవే మాధవ సేవ అని పెరిగిన ఊరు ఇది. ఇక్కడ కౌన్సెలర్ తన అలసట గురించి నోరు విప్పడమే స్వార్థంగా తోస్తుంది. అందుకే తన పట్ల తాను దయ చూపడం నేర్పే భాగాన్ని కుదించే శిక్షణను నేను ఎవరికీ సూచించను.

జాగ్రత్త కూడా అవసరం. తమ బాల్యంలోనే గాయపడ్డవారికి ఈ సాధనలో దయతో పాటు పాత నొప్పి కూడా ఎగదన్నుకు రావచ్చు. అలాంటివారు యాప్ పెట్టుకుని ఒంటరిగా మొదలుపెట్టకూడదు. అనుభవమున్న శిక్షకుల దగ్గర కొద్దికొద్దిగా చేయాలి.

ఇక కేసుల చర్చ, అంటే తన కేసుల గురించి అనుభవమున్న సీనియర్‌తో క్రమంగా మాట్లాడుకోవడం. దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, చేయవలసింది మాత్రం చాలా ఉంది. తప్పు నిర్ణయాన్ని ధ్యానమూ కరుణా సరిదిద్దవు. పక్కన కూర్చుని అడిగే సీనియర్ సరిదిద్దుతారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగం ఉంది, చిత్తూరువారికి వేలూరులోని నిపుణులు దగ్గరే, బెంగళూరు నిపుణులతో వీడియోలో మాట్లాడవచ్చు.

నా తీర్పు ఇది. కేసుల గురించి మాట్లాడుకోవడానికి ఒక్క సీనియర్ కూడా లేని కౌన్సెలర్‌కు ముందు కావలసింది ఆ చర్చే. అది ఉన్నవారికి ధ్యానం కన్నా కరుణ శిక్షణ మేలు. ధ్యానం అందులో తొలి మెట్టుగా ఎలాగూ వస్తుంది. కానీ రోజుకు చూడగలిగినదానికి రెట్టింపు కేసులు అప్పగించి, తట్టుకోవడానికి కరుణ తరగతి పెట్టే సంస్థను నమ్మవద్దు. చేరేముందు మూడు విషయాలు అడగండి: శిక్షణ తెలుగులో జరుగుతుందా, ఏ మతంవారైనా ఇబ్బంది లేకుండా కూర్చోగలరా, ఆ గంటలను పని గంటల్లో లెక్కిస్తారా.