ఆరేళ్ల టన్నెల్ తీసేశా: మా మల్కాజ్‌గిరి కొత్త ఫైబర్ ఎలా ఉందంటే

మూడు నెలలు వాడాకే రాస్తున్నా. మా వీధికి కొత్తగా వచ్చిన లోకల్ ఫైబర్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. స్పీడుకి ఢోకా లేదు. కానీ నేను మారింది ఐపీవీ6 కోసం, అంటే ఇంట్లో ప్రతి పరికరానికీ సొంత అడ్రస్ ఇవ్వగలిగే కొత్త తరం ఇంటర్నెట్ అడ్రస్‌ల కోసం.

పాత కనెక్షన్‌లో పాత తరం అడ్రస్ ఐపీవీ4 ఒక్కటే, అదీ 100.64తో మొదలయ్యేది, అంటే ఎంతమందికో కలిపి ఒకే పబ్లిక్ అడ్రస్. ఫోన్‌లో జియో సిమ్‌కి 2016 నుంచే ఐపీవీ6 వస్తుంటే ఇంట్లో రాకపోవడం నాకు నిజంగా బాధనిపించేది. రౌటర్ మెనూలో 6టు4 (ఐపీవీ4 మీదుగా ఐపీవీ6 పంపే పాత పద్ధతి) అని కనిపిస్తే ఆన్ చేసి రెండు రాత్రులు కుస్తీ పట్టా. దానికి పబ్లిక్ ఐపీవీ4 ఉండాలి, పైగా దారిలో ఎవరో నడిపే రిలేని, అంటే మధ్యవర్తి రౌటర్‌ని, నమ్ముకోవాలి. 192.88.99.1 అనే ఆ రిలే అడ్రస్‌ని 2015లోనే వాడొద్దని తేల్చేశారు, అయినా మెనూల్లో ఇంకా వేలాడుతోంది. దయచేసి దాన్ని ముట్టుకోకండి.

తర్వాత స్టాటిక్ ఐపీకి (మారని సొంత పబ్లిక్ ఐపీవీ4) నెలనెలా డబ్బు కట్టి, ఫ్రీగా దొరికే టన్నెల్ పెట్టుకున్నా, అంటే ఐపీవీ6 ప్యాకెట్లని ఐపీవీ4లో చుట్టి దూరంలోని సర్వర్‌కి చేర్చే దారి. ఆ రోజుల్లో అదే దిక్కు, అందుకు రుణపడి ఉంటా. కాకపోతే హైదరాబాద్‌లోనే ఉన్న ఆఫీసు సర్వర్‌ని తాకాలన్నా ప్యాకెట్ టన్నెల్ సర్వర్ ఉన్న సింగపూర్ వెళ్లి రావాలి. టన్నెల్ హెడర్‌కి 20 బైట్లు పోయి ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజు) 1500 నుంచి 1480కి పడేది, దాంతో కొన్ని పేజీలు సగంలో ఆగిపోయేవి. "ఏరా, మళ్లీ తిరుగుతూనే ఉందిరా ఇది" అని అమ్మ ఫోన్ పట్టుకుని వచ్చిందంటే నాకు టెన్షన్.

కొత్త కనెక్షన్ వేయడానికి వచ్చిన అబ్బాయి "వీ6 కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదన్నా" అంటూనే ఆఫీసుకి ఫోన్ కొట్టి ఆన్ చేయించాడు. రౌటర్‌లో 2తో మొదలయ్యే పొడుగాటి అడ్రస్ కనపడగానే ఐపీవీ6 టెస్ట్ పెట్టా, పదికి పది. ఆఫీసు సర్వర్‌కి పింగ్ (ప్యాకెట్ వెళ్లి వచ్చే సమయం) 92 మిల్లీసెకన్ల నుంచి 4కి దిగింది. ఆ రాత్రే టన్నెల్ డిలీట్ చేశా. అమ్మ ఇప్పటిదాకా మళ్లీ ఫోన్ పట్టుకుని రాలేదు.

ఒక్క లోటు: ఇంటికి ఇచ్చేది /64 ఒక్కటే (ఒక్క నెట్‌వర్క్‌కి సరిపడా అడ్రస్‌లు; ఈ అంకె తగ్గేకొద్దీ అడ్రస్‌లు ఎక్కువ), అదీ రౌటర్ రీస్టార్ట్ చేస్తే మారిపోతోంది. టన్నెల్ వాళ్లే ఫ్రీగా /48 ఇచ్చేవాళ్లు, కెమెరాలకి ఒక నెట్‌వర్క్, చుట్టాల వైఫైకి ఇంకోటి విడిగా పెట్టుకునేవాణ్ణి. కనీసం మారని /56 ఇవ్వమని రెండుసార్లు అడిగా, చూస్తామన్నారు. ఇచ్చేదాకా నాలుగు స్టార్లే.