బూడ్వార్ ఫోటోలకి డబ్బు కట్టి రివ్యూ చేయించుకునేవాళ్లకి హెచ్చరిక: రా ఫైళ్లు ఇవ్వకండి

ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. జరిగిన దాంట్లో నా తప్పు కూడా ఉంది, అది దాచను. ఇప్పుడిప్పుడే బూడ్వార్ ఫోటోగ్రఫీ, అంటే పడకగది లాంటి చోట తక్కువ బట్టలతో తీసే ఆంతరంగిక ఫోటోలు, మొదలుపెట్టి, ఎవరిచేతనైనా పోర్ట్‌ఫోలియో రివ్యూ చేయించుకుందామని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టేముందు దయచేసి చదవండి.

బూడ్వార్ అంటే ఫ్రెంచ్‌లో ఆడవాళ్ల ఆంతరంగిక గది. ఆ గదిలో ఉన్నంత నిశ్చింతగా ఉంటేనే ఈ ఫోటోలు కుదురుతాయి. నా మొదటి షూట్‌కి నా స్నేహితురాలు ఒప్పుకుంది. పొట్ట మీద సిజేరియన్ గీత చెరపకూడదు అంది. "ఎవరికైనా చూపించి సలహా అడగనా?" అంటే, "నేర్చుకోడానికైతే చూపించు, మొహం మాత్రం కనపడకూడదు" అంది.

చాలామంది ఫాలో అయ్యే ఒక ఫోటోగ్రాఫర్ దగ్గర రివ్యూ ప్యాకేజీ కొన్నాను. పన్నెండు ఫోటోలు, ఒక్కోదానికి విడిగా రాసిస్తానన్నాడు. డబ్బు కట్టాక, "కలర్ ఎలా సరిచేయాలో చూపించాలంటే రా ఫైళ్లు కావాలి" అని అడిగాడు. రా ఫైలంటే కెమెరా పట్టింది పట్టినట్టు ఉండే అసలు ఫైల్. మొహం కనిపించేవి ముందే లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్రాప్ చేసి ఉన్నాయి కదా అని పంపేశాను.

ఇక్కడే నేను చేసిన తప్పు. మనం చేసే క్రాప్ రా ఫైల్‌లోని ఫోటోని కొయ్యదు. ఎడిట్ అంతా లైట్‌రూమ్ దాచుకునే కేటలాగ్‌లోనో, పక్కనుండే ఎక్స్‌ఎంపీ ఫైల్‌లోనో ఒక సూచనలా ఉంటుంది, అంతే. అవతలివాళ్లు రా తెరిస్తే కెమెరా చూసిందంతా కనిపిస్తుంది. అంటే తన మొహాన్ని నేనే చేతులారా పంపాను.

వారానికి రివ్యూ వచ్చింది. నాలుగో ఫోటో కింద "కళ్లలో క్యాచ్‌లైట్ చక్కగా పడింది" అని రాశాడు. క్యాచ్‌లైట్ అంటే కంటిపాపలో మెరిసే వెలుతురు చుక్క. ఆ ఫోటోలో తను కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కనిపించేది వీపు, జడ, ఎడమ భుజం మీద పుట్టుమచ్చ. కళ్లు ఎక్కడున్నాయి? తొమ్మిదో ఫోటో కింద కూడా అక్షరం పొల్లు పోకుండా అదే వాక్యం. ఫోటోలు తెరిచి చూడకుండా రాసిన రివ్యూ అది.

తర్వాత ఒక సీనియర్ ఫోటోగ్రాఫర్ అవే ఫోటోల చిన్న కాపీలు చూసి పది నిమిషాల్లో అసలు లోపాలు చెప్పింది. కిటికీ వెలుతురు ఉండగా మంచం పక్కన లాంప్ కూడా వెలిగించాను. పగటి వెలుతురు సుమారు 5500 కెల్విన్ (వెలుతురు రంగుని కొలిచే లెక్క, అంకె తగ్గేకొద్దీ పసుపు), ఆ పసుపు బల్బు 3000 లోపే. అందుకే ఒక భుజం నీలంగా, ఇంకోటి పసుపుగా వచ్చింది. వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగ్, ఎటు జరిపినా ఒక పక్క చెడుతుంది, లాంప్ ఆపేస్తే సరిపోయేది. ఇంకో ఫోటోలో మోకాలు తలకంటే పెద్దగా ఉంది. 35 ఎంఎం లెన్స్‌తో మరీ దగ్గరికి వెళ్లి తీశాను, కెమెరాకి దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది. వెనక్కి జరిగి 85 ఎంఎం లెన్స్‌తో తీయమంది. చేతివేళ్లు బిగుసుకుని ఉన్నాయని, ఊపిరి వదలమని చెప్పి అప్పుడు క్లిక్ చేయమని కూడా చెప్పింది. రివ్యూ అంటే ఇదండీ.

డబ్బు పోయినా ఊరుకునేదాన్నే. నెల తిరక్కుండానే నా స్నేహితురాలు ఒక స్క్రీన్‌షాట్ పంపింది. అతని ఎడిటింగ్ కోర్సు ప్రకటన. "ముందు, తర్వాత" అని రెండు ఫోటోలు పక్కపక్కన. రెండూ నా స్నేహితురాలివే. పెదాల దాకా మొహం ఉంది. "తర్వాత" ఫోటోలో లిక్విఫై అనే, ఒంటి ఆకారం మార్చే టూల్‌తో నడుము నొక్కేశాడు. సిజేరియన్ గీత ఉన్నచోట ప్లాస్టిక్‌లాంటి చర్మం. తను ఏమీ తిట్టలేదు. "గీత తీసేశారే" అని మాత్రం రాసింది.

అతన్ని అడిగితే, అప్‌లోడ్ చేసినవి ప్రచారానికి వాడుకోవచ్చని టర్మ్స్‌లో మీరే ఒప్పుకున్నారన్నాడు. నిజంగానే ఉంది, చివర్లో ఒక లైను. కానీ ఫోటో తీసింది నేనైనా, తన ఒంటి మీద ఒప్పుకోలు ఇవ్వడానికి నేనెవర్ని? తను ఒప్పుకుంది సలహా తీసుకోవడం వరకే.

కాబట్టి కొనేముందు టర్మ్స్‌లో "ప్రమోషన్" అన్న మాట ఉందేమో వెతకండి. పొడుగు వైపు 1200 పిక్సెల్స్ మించని జేపెగ్ చాలు, క్రాప్ అందులో నిజంగా తెగుతుంది. వాటర్‌మార్క్ మూలన కాకుండా ఒంటి మీదుగా వేయండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మెటాడేటాలో (ఫోటోతో పాటు ఫైల్‌లో దాగి ఉండే వివరాల్లో) కాపీరైట్ ఒక్కటే ఉంచండి, లేకపోతే తేదీ, కెమెరా వివరాలు, ఒక్కోసారి లొకేషన్ కూడా వెళ్లిపోతాయి. మొదట ఒక్క ఫోటో పంపి, "ఈ నీడ ఇక్కడెందుకు గట్టిగా పడింది?" లాంటి ప్రశ్న అడగండి. ఫోటో చూసినవాళ్లే దానికి జవాబు చెప్పగలరు. ఎవరికి, ఎంతకాలం, దేనికోసం చూపిస్తున్నారో ఫోటోలో ఉన్నవాళ్లకి ముందే చెప్పి, రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పటికే ఇలా జరిగి ఉంటే ఒప్పుకోలు లేకుండా బయటికి వెళ్లిన ఆంతరంగిక ఫోటోలు ఆపడానికి 2021లో మొదలైన స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫోటోలో ఉన్న వ్యక్తే వాడాలి. ఫోటో తన ఫోన్ దాటి పోదు, దాని హ్యాష్, అంటే ఆ ఫోటోని గుర్తుపట్టడానికి వాడే కోడ్, మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన కంపెనీలు ఆ హ్యాష్‌తో సరిపోయే ఫోటోల కోసం తమ సైట్లలో వెతుకుతాయి.

మేమిద్దరం రిపోర్ట్ చేశాక ఆ ప్రకటన తీసేశారు. డబ్బు వెనక్కి రాలేదు. రా ఫైళ్లు డిలీట్ చేశానని రాసివ్వమని మూడుసార్లు మెయిల్ పెట్టాను, ఇవాళ్టి వరకూ జవాబు లేదు. ఆ పన్నెండు ఫైళ్లు ఇంకా అతని దగ్గరే ఉన్నాయి.