ఆరియాద్నే గుమ్మం, యూరోపా చెట్టు: రెండు చోట్లలో ఏది దేనికి

గ్రీకు దేవుళ్ళు మనుషుల్ని వరించిన కథలు బోలెడు. కథ తెలిసి వెళ్ళేవాళ్ళకు గిట్టుబాటయ్యేవి మాత్రం రెండు: మద్యదేవుడు డయోనిసస్, క్రీట్ రాకుమారి ఆరియాద్నేల నాక్సోస్ దీవి; క్రీట్ దీవిలో దేవతల రాజు జ్యూస్, రాకుమారి యూరోపాల గోర్తిన్ శిథిలాలు. ఉండటానికి నాక్సోస్, చూడటానికి గోర్తిన్.

ఏథెన్స్ దగ్గరి పైరియస్ రేవు నుంచి నాక్సోస్‌కు పెద్ద ఓడలో 5 గంటల పైమాటే. హైస్పీడ్ బోట్లు ముందే చేరుస్తాయి కానీ, జులై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి లేచిందంటే మొదట రద్దయ్యేవి అవే. ఆ నెలల్లో పెద్ద ఓడకే టికెట్ తీసుకోండి. తిరుగు విమానానికి ముందు ఏథెన్స్‌లో ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

నాక్సోస్ ఊళ్ళో కాస్ట్రో (పాత కోట) కొండ మీది ఇళ్ళలో గదులు ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి. ఆ మెట్ల సందుల్లోకి టాక్సీ రాదు, సూట్‌కేసు మోసుకుంటూ ఎక్కాల్సిందే. ఊరి ఉత్తర తీరం గ్రోట్టా వైపు గదుల్నుంచి పోర్తారా అనే పాలరాతి గుమ్మం కనిపిస్తుంది, గాలీ నేరుగా కొడుతుంది. పెద్దవాళ్ళతో వెళ్తే అయోస్ యోర్గోస్ బీచ్ పక్కన దిగడం మేలు, ఊళ్ళోకి నడిచి రావచ్చు. శాకాహారులకు ఫావా పప్పు, గిగాంతెస్ చిక్కుడు గింజలు దొరుకుతాయి. గెమిస్తా (అన్నం కూరిన టమాటా, క్యాప్సికం) చెప్పేముందు కీమా ఉందేమో అడగండి.

రేవు పక్కనే పోర్తారా. ఏథెన్స్ వీరుడు థీసియస్ వదిలేసిపోయిన ఆరియాద్నేను డయోనిసస్ చేపట్టింది ఇక్కడేనని చెబుతారు. కానీ ఆ పాలరాతి గుమ్మం క్రీ.పూ. 530 ప్రాంతంలో లిగ్దమిస్ అనే నియంత మొదలుపెట్టి పూర్తిచేయని గుడిది, అదీ అపోలో గుడి అనే ఎక్కువమంది మాట. టికెట్ లేదు. సాయంత్రం తిరనాళ్ళే, పొద్దున్నే వెళ్ళండి. గాలి రోజున దారికట్ట మీదికి అలలు ఎగిరిపడతాయి, చెప్పులు జారతాయి. అసలు డయోనిసస్ గుడి ఊరి బయట ఇరియాలో ఉంది. ఒకదాని మీద ఒకటిగా నాలుగు గుళ్ళు లేచిన చోటది. ఇప్పుడు మిగిలినవి పునాదులు, కొన్ని స్తంభాల ముక్కలే. ఆరియాద్నేలు ఇద్దరని, ఒకరికి సంబరంగా, మరొకరికి శోకంతో పండుగ చేసేవారని నాక్సోస్ వాళ్ళ మాటగా ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఇది చదివి వెళ్తే ఆ రాళ్ళు కాస్త పలుకుతాయి.

గోర్తిన్ క్రీట్‌లోని పెద్ద ఊరు హెరాక్లియన్‌కు సుమారు 45 కి.మీ. మీరెస్ వైపు వెళ్ళే బస్సెక్కి, దింపమని డ్రైవర్‌కు ముందే చెప్పాలి. ఎద్దు రూపంలో యూరోపాను ఎత్తుకొచ్చిన జ్యూస్ ఆమెను కలిసింది ఇక్కడి ప్లేన్ చెట్టు కిందేనట. ఒడియన్ (రోమన్ల కాలపు చిన్న సంగీత మందిరం) దగ్గర చూపించే చెట్టు ఆనాటిది కాదు, కానీ చలికాలంలోనూ ఆకు రాల్చని అరుదైన రకం. ఊరి పాత నాణేల మీదా చెట్టులో కూర్చున్న యూరోపా ఉంటుంది.

ఒడియన్ గోడ మీది క్రీ.పూ. 5వ శతాబ్దపు చట్టాల శాసనాన్ని తొందరగా దాటేయకండి. ఎద్దు దున్నినట్టు ఒక వరుస కుడి నుంచి ఎడమకు, తర్వాతది ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. బానిస స్వతంత్ర స్త్రీ ఇంటికి ఇల్లరికం వస్తే పిల్లలు స్వతంత్రులు, ఆమే అతనింటికి వెళ్తే బానిసలు అంటుంది. జ్యూస్‌కు యూరోపా కన్న మినోస్, రదమంతుస్, సర్పెదోన్‌లు పెరిగింది మాత్రం క్రీట్ రాజు ఆస్టెరియోస్ ఇంట్లో.

రోడ్డుకు అవతల ఆలివ్ తోటల్లోనూ శిథిలాలున్నాయి, వేసవి మధ్యాహ్నం అక్కడ నీడ తక్కువ. నీళ్ళు పట్టుకెళ్ళండి. ఆదివారం బస్సులు తక్కువ కాబట్టి తిరుగు బస్సు వేళ హెరాక్లియన్‌లోనే కనుక్కోండి.