బీ కార్ప్, ఎస్‌ఏ8000, ఐఎస్‌ఓ 14001, ఎకోవాడిస్: ఏ కంపెనీకి ఏది మేలు?

కంపెనీలు మనుషులతో, పర్యావరణంతో బాధ్యతగా ఉన్నాయని చూపించే ఈ నాలుగింటిలో ఏది గొప్పదని అడిగితే జవాబు దొరకదు, ఎందుకంటే నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు పరీక్షిస్తాయి. ఎస్‌ఏ8000 పనిచేసే చోటునూ, అక్కడి మనుషులనూ చూస్తుంది. ఐఎస్‌ఓ 14001 పర్యావరణాన్ని పట్టించుకునే పద్ధతి కంపెనీలో ఉందా లేదా అని చూస్తుంది. బీ కార్ప్ కంపెనీ మొత్తాన్ని, దాని వ్యవస్థాపక పత్రాలతో సహా పరిశీలిస్తుంది. ఎకోవాడిస్ పత్రాలు చదివి మార్కులేస్తుంది. అది అసలు సర్టిఫికెట్ కాదు, రేటింగ్. అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ కాగితం ఎవరికి చూపించాలి, దానితో ఏం రుజువు చేయాలి?

ఐఎస్‌ఓ 14001 మొదటి ఎడిషన్ 1996లో వచ్చింది. ఎంత కాలుష్యం దాకా ఫర్వాలేదో అది ఎక్కడా అంకె చెప్పదు. మన పనివల్ల నీటికీ గాలికీ నేలకూ ఏమవుతోందో జాబితా రాయాలి. అందులో ముఖ్యమైనవి ఏరి, వాటికి వర్తించే చట్టాల పట్టిక పెట్టుకోవాలి. లక్ష్యాలు పెట్టుకుని, ఇంటర్నల్ ఆడిట్ జరిపి, యాజమాన్యం కూర్చుని సమీక్షించాలి. ఒకే సర్టిఫికెట్ ఉన్న రెండు ఫ్యాక్టరీల్లో ఒకటి రెండోదానికంటే ఎన్నో రెట్లు మురుగునీరు వదలొచ్చు, చట్టం దాటనంతవరకు ప్రమాణం అడ్డుచెప్పదు. దీన్ని లోపం అనేవాళ్లున్నారు. పరిమితి అనడం సబబు.

సర్టిఫికెట్ ఇచ్చేది ప్రమాణాలు రాసే ఐఎస్‌ఓ కాదు, అక్రెడిటేషన్ (ఆడిట్ చేసే అర్హత ఉందన్న గుర్తింపు) ఉన్న ఆడిట్ సంస్థలు. స్టేజ్ 1లో పత్రాలు, సన్నద్ధత చూస్తారు. స్టేజ్ 2లో పని జరిగే చోట తనిఖీ చేస్తారు. గడువు మూడేళ్లు, మధ్యలో ఏటా నిఘా ఆడిట్ ఉంటుంది. స్టేజ్ 2కి ముందే ఒక పూర్తి ఇంటర్నల్ ఆడిట్, ఒక యాజమాన్య సమీక్ష అయిపోయి ఉండాలి. కన్సల్టెంట్ వేరే కంపెనీకి రాసిన జాబితాను తెచ్చి అతికించిన చోట ఎక్కువగా దెబ్బతింటారు. బాయిలరే లేని యూనిట్ జాబితాలో బాయిలర్ పొగ కనిపిస్తే ఆడిటర్ మిగతా పేజీలను కూడా నమ్మడు. ఇక 200 లీటర్ల రసాయన పీపాల కింద లీకు పట్టే తొట్టి పెడతారు. అన్నింటికంటే పెద్ద పీపాకు 110 శాతం, అంటే 220 లీటర్లు పట్టేలా కట్టడం మామూలు పద్ధతి. తొట్టి కొలత ప్రకారమే ఉంటుంది కానీ సగం వాననీటితో నిండి ఉంటుంది, లేదా కింది వాల్వు తెరిచి ఉంటుంది. అప్పుడు ఆ 220 లీటర్లు కాగితం మీదే. వాల్వు మూసి ఉందో లేదో ఎవరు, ఎప్పుడెప్పుడు చూడాలో రాసి సంతకం తీసుకోకపోవడమే దీనికి కారణం.

ఎస్‌ఏ8000 మనుషుల సంగతి. 1997 నుంచి ఉంది. బాల కార్మికులు, వెట్టి, ఆరోగ్యం–భద్రత, సంఘం పెట్టుకునే హక్కు, వివక్ష, శిక్షలు, పనిగంటలు, వేతనం, నిర్వహణ పద్ధతి అని తొమ్మిది అంశాలు. మామూలు పని వారానికి 48 గంటలు దాటకూడదు. ఓవర్‌టైమ్ ఇష్టపూర్వకంగా, వారానికి 12 గంటల లోపే ఉండాలి. ఆరు రోజుల పని తర్వాత ఒకరోజు సెలవివ్వాలి. వేతనం కనీస వేతన చట్టంతో ఆగదు, బతకడానికి సరిపోవాలి.

ఎక్కువమంది తప్పేది పనిగంటల దగ్గరే. హాజరు పట్టికలో ఆదివారం సెలవని ఉంటుంది, జీతాల షీటూ అలాగే ఉంటుంది. ఆడిటర్ గేటు రిజిస్టర్, జనరేటర్ లాగ్, కుట్టు మిషన్లలో విరిగిన సూదులు మార్చిన పుస్తకం తెప్పిస్తాడు. అదే ఆదివారం నాడు జనరేటర్ తొమ్మిది గంటలు నడిచింది, పదిహేడు సూదులు మారాయి. రెండు లెక్కలు నడుపుతున్నారని తేలడానికి ఇంకేం కావాలి? ఇలా దొరికిన కంపెనీ కష్టం 12 గంటలు దాటిన దానితో ఆగదు. ఓవర్‌టైమ్ ఎక్కువైందని నిజం రాసి, తగ్గించే ప్రణాళిక చూపిస్తే దాన్ని సరిదిద్దుకోవచ్చు. పుస్తకమే అబద్ధమైతే మిగతా ఎనిమిది అంశాల రుజువులనూ ఎవరూ నమ్మరు.

ఆడిట్ ఎంతవరకు కాపాడుతుందన్న ప్రశ్నకు కఠినమైన జవాబు 2012 సెప్టెంబర్ 11న వచ్చింది. కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ వస్త్ర కర్మాగారం మంటల్లో 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప చువ్వలు, తాళం వేసిన తలుపులు. కొద్ది వారాల ముందే ఆ కర్మాగారానికి ఎస్‌ఏ8000 సర్టిఫికెట్ వచ్చింది. అందుకే సర్టిఫికెట్ ఉన్నా, అత్యవసర ద్వారాన్ని లోపలినుంచి తాళం చెవి లేకుండా, ఒక్క తోపుతో తెరిచి చూడాలి. అదీ పని జరుగుతున్న షిఫ్టులో.

బీ కార్ప్ ఇచ్చేది 2006లో మొదలైన బీ ల్యాబ్ అనే లాభాపేక్షలేని సంస్థ. చాలాకాలం 200 మార్కుల్లో 80 తెచ్చుకుంటే సరిపోయేది. ఒకచోట తగ్గినవి మరోచోట పూడ్చుకునేవారు, విమర్శా అక్కడే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన కొత్త ప్రమాణాల్లో మార్కుల మొత్తం పోయింది. వాతావరణం, మానవ హక్కులు, న్యాయమైన పని వంటి ఏడు అంశాల్లో ప్రతిదాంట్లోనూ కనీస షరతులు దాటాలి. పెద్ద బహుళజాతి కంపెనీలకు ముద్ర ఇవ్వడం నచ్చక సబ్బుల కంపెనీ డాక్టర్ బ్రానర్స్ అదే ఏడాది బయటికి వస్తున్నట్టు చెప్పింది.

దీంట్లో అసలు కష్టం ప్రశ్నావళి కాదు. వాటాదారుల లాభంతో పాటు ఉద్యోగులు, సమాజం, పర్యావరణం గురించి కూడా డైరెక్టర్లు ఆలోచించాలని వ్యవస్థాపక పత్రాల్లో రాయించాలి. అంటే పెట్టుబడిదారులు ఒప్పుకోవాలి. మార్కెటింగ్ వాళ్లు ఆరు నెలలు శ్రమించాక బోర్డు ఈ మార్పుకు ‘వద్దు’ అంటే అంతా వృథా. లాయర్‌తో మాట్లాడే పని చివర్లో కాదు, మొదటి వారంలోనే పెట్టుకోవాలి.

ఎకోవాడిస్ పర్యావరణం, కార్మికులు–మానవ హక్కులు, నైతికత, బాధ్యతగల కొనుగోళ్లు అనే నాలుగు అంశాల కింద 21 ప్రమాణాలు చూస్తుంది. చెల్లుబాటు ఏడాదే. పతకాలు మిగతా కంపెనీలతో పోల్చి ఇస్తారు: పై 1 శాతానికి ప్లాటినం, 5 శాతానికి బంగారం, 15కి వెండి, 35కి కాంస్యం. మన మార్కులు మారకపోయినా మిగతావాళ్లు పెరిగితే పతకం పడిపోవచ్చు. తేదీ, కంపెనీ పేరు లేని పాలసీలు పెట్టి మార్కులు పోగొట్టుకోవడం మామూలే. పాలసీ ఒక్కటే చాలదు, ఏం చేశారో, ఫలితం ఎంతో అంకెల్లో చూపాలి.

ఎవరైనా ‘ఐఎస్‌ఓ 26000 సర్టిఫికెట్’ ఇప్పిస్తామంటే అక్కడే ఆగిపోండి. 2010లో వచ్చిన ఆ పత్రం సామాజిక బాధ్యతపై మార్గదర్శిని మాత్రమే, దానికి సర్టిఫికేషన్ లేదు.

ఇక ఎంపిక. వందలమంది చేతిపని చేసే ఫ్యాక్టరీకి ఎస్‌ఏ8000. రసాయనాలు, రంగులు, లోహపు పూతల యూనిట్‌కు ఐఎస్‌ఓ 14001. నలభై మంది ఉన్న సర్వీస్ ఆఫీసుకు 14001 వల్ల కరెంటు, కాగితం లెక్కలు తప్ప ఒరిగేది తక్కువ, అక్కడ బీ కార్ప్‌కే అర్థముంది. పెద్ద కంపెనీకి సరుకిచ్చే సరఫరాదారును కొనుగోలుదారు ఎకోవాడిస్ అడిగితే అదే చేయాలి, వేరేది పట్టుకెళ్తే ఒప్పుకోరు. ఎవరూ అడగకుండా ఒక్కదానికే డబ్బుంటే, పత్రాలు చదివేదానికన్నా మనిషి వచ్చి చూసేదాన్నే ఎంచుకోవడం మేలు.

మరొకరి సర్టిఫికెట్ చేతికొస్తే ముందు చదవాల్సింది పరిధి వాక్యం (ఏ పనికి వర్తిస్తుందో చెప్పేది), చిరునామా. తర్వాత అక్రెడిటేషన్ గుర్తు, గడువు. ఐఎస్‌ఓ సర్టిఫికెట్ అయితే ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ అనే ఆన్‌లైన్ జాబితాలో కంపెనీ పేరు వెతకండి, అక్కడ కనిపించకపోతే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకే రాసి అడగండి. హెడ్డాఫీసు చిరునామా మీద ఇచ్చిన సర్టిఫికెట్, ఊరవతల రంగులద్దే యూనిట్‌కు వర్తించదు.