పెట్టెలో ఉన్న శాటర్న్-5, పెట్టెలో లేని ఎన్-1

మనుషుల్ని చంద్రుడి మీదికి పంపిన అమెరికా రాకెట్ శాటర్న్-5కి 1/144 స్కేలు ప్లాస్టిక్ కిట్ కొనొచ్చా అని అడిగితే, కొనండి అనే చెబుతాను. పెట్టె మీది బొమ్మ చూసి రంగులు మాత్రం వేయకండి. కంపెనీ పేరు రాయడం లేదు. పాత అచ్చుల్లోంచి వస్తున్న కిట్లకు గుణదోషాలు దాదాపు ఒకటే. ఏళ్ల తరబడి వీటితో, వీటిలో మిగిలిన ముక్కలతో చేసిన, నిజంగా ఎప్పుడూ ఎగరని ఊహా రాకెట్లతో కుస్తీ పట్టాక రాస్తున్నాను.

ముందు సైజు సంగతి. 110.6 మీటర్ల రాకెట్ ఈ స్కేలులో 77 సెంటీమీటర్లకు వస్తుంది. 1/96 అయితే 115 సెంటీమీటర్లు. ఫ్లాట్‌లో దానికి చోటు వెతుక్కునే సరికి ఉత్సాహం చల్లారిపోతుంది.

అసలు తలనొప్పి అతుకులు. మొదటి దశ గొట్టం నిలువుగా రెండు సగాలుగా వస్తుంది. అతుకు పోవాలని పుట్టీ పెట్టి ఉప్పు కాగితంతో రుద్దితే, పక్కనే ఉన్న సన్నటి నిలువు గీతలు కూడా అరిగిపోతాయి. దీనికి నేను వాడే ఉపాయం ఒకటుంది. కిట్ ముక్కలు పట్టి ఉండే ప్లాస్టిక్ కాడను, అదే స్ప్రూను, కొవ్వొత్తి మంటకు కాస్త పైన తిప్పుతూ ఉండాలి. మెత్తబడగానే మంట నుంచి తీసి నెమ్మదిగా లాగితే సన్నటి తీగ సాగుతుంది. గీత అరిగిన చోటల్లా ఆ తీగ ముక్క పెట్టి, పల్చటి ప్లాస్టిక్ సిమెంట్, అంటే కిట్లు అతికించే జిగురు, బ్రష్‌తో ఒక్క చుక్క తాకిస్తే చాలు. ఓపిక కావాలి, ఖర్చేమీ లేదు.

రంగుల దగ్గర చాలామంది బోల్తా పడతారు. పాత కిట్ల సూచనల కాగితం చాలావరకు 500ఎఫ్ రంగులనే చూపిస్తుంది. 1966లో కెనెడీ స్పేస్ సెంటర్‌లో లాంచ్‌ప్యాడ్ ఏర్పాట్లు సరిచూడటానికి నిలబెట్టిన, ఎగరని రాకెట్ అది. దాని మొదటి దశలో రెండు ట్యాంకుల నడుమ భాగానికి నల్లరంగు ఉండేది. ఎండకు అక్కడ వేడి పెరుగుతోందని ఎగిరే రాకెట్లకు అక్కడ తెలుపు ఉంచారు. అంటే సూచనలు తు.చ. తప్పకుండా పాటిస్తే మీ చేతికొచ్చేది చంద్రుడి మీదికి వెళ్లిన రాకెట్ కాదు. 500ఎఫ్ నచ్చితే అదే చేసుకోండి, కాకపోతే కింద పలక మీద అపోలో 11 అని రాయకండి. ఇంకో మాట, వానాకాలంలో స్ప్రే జోలికి పోవద్దు. గాలిలో తేమకు లాకర్ రంగు మీద తెల్లటి పొర కమ్ముతుంది, నల్ల పట్టీల మీద అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఊహా రాకెట్లంటే ఇష్టమొచ్చినట్టు చేసుకోవచ్చు అనుకుంటారు. నా అనుభవం అందుకు పూర్తిగా ఉల్టా. నిజం రాకెట్‌కు ఫొటోలు సాక్ష్యం, ఊహా రాకెట్‌కు ప్రతి బోల్టుకూ మనమే కారణం చెప్పుకోవాలి. నా దగ్గర ఉన్నవాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది సోవియట్ చంద్ర రాకెట్ ఎన్-1, అదీ ఎగరని ఐదోది, 8ఎల్. 1969 నుంచి 1972 వరకు నాలుగుసార్లు ప్రయోగిస్తే నాలుగూ మొదటి దశ పని చేస్తుండగానే విఫలమయ్యాయి. చివరిది ఇంకొన్ని సెకన్లలో ఆ దశ విడిపోతుందనగా పోయింది. కొత్త ఎన్‌కే-33 ఇంజిన్లతో 8ఎల్ 1974లో ఎగరాల్సింది, అంతలో కార్యక్రమమే ఆపేశారు. గోదాముల్లో ఉండిపోయిన ఆ రకం ఇంజిన్లే అమెరికా కొనుక్కుని, మార్పులు చేసి, 2013లో ఆంటారెస్ రాకెట్‌కు వాడింది. కాబట్టి 8ఎల్ ఎగిరిందనుకోవడం మరీ గాలి కబురు కాదు.

మూడో ప్రయోగంలో రాకెట్ తన చుట్టూ తాను తిరిగిపోయిందని, నాలుగోదానికి దాన్ని అదుపు చేసే చిన్న ఇంజిన్లు చేర్చారు. ఊహా ఐదోదానికి అవి పెట్టకపోతే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అడుగున 30 నాజిల్స్, బయటి వలయంలో 24, లోపల ఆరు. శంకు ఆకారపు భాగాలు త్రీడీ ప్రింట్ చేయించాను, అవి బాగానే కుదిరాయి. దశల మధ్య ఉండే జాలీ కమ్మీలు మాత్రం ఆ స్కేలులో పుటుక్కున విరిగిపోయేవి. చివరికి సన్నటి ఇత్తడి తీగలు కోసి టంకం పెట్టాక గానీ పై దశల బరువు నిలవలేదు.

శుక్రుడి పక్కగా మనుషుల్ని పంపాలని 1960లలో నాసా కోసం చేసిన అధ్యయనం ఆధారంగా శాటర్న్-5 ఒకటి చేశాను. 1973 అక్టోబరు 31న బయల్దేరి, 1974 మార్చి 3న శుక్రుడిని దాటాలన్నది అందులోని లెక్క. చదవడానికి అద్భుతం, మోడల్‌గా అంత బాగోదు. ఇంధనం ఖాళీ అయ్యాక మూడో దశ ట్యాంకే వ్యోమగాములకు ఇల్లు కావాలన్నది ప్లాను, ఆ మార్పంతా లోపలిదే. బయటి నుంచి చూస్తే మామూలు శాటర్నే.

కొనేవాళ్లు దశలను జిగురుతో శాశ్వతంగా అతికించకండి. విడదీసి దుమ్ము తుడవొచ్చు, ఇల్లు మారేటప్పుడు సామాన్లతో సర్దడమూ తేలిక. ఇక శాటర్న్ పక్కన మన పీఎస్‌ఎల్‌వీ పెట్టాలనుకుంటే కిట్ కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. దాని మొదటి దశ వ్యాసం 2.8 మీటర్లు, ఈ స్కేలులో 19.4 మిల్లీమీటర్లు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 20 ఎం.ఎం. కండ్యూట్ పైపు దాదాపు సరిగ్గా సరిపోతుంది. రంగు వేసే ముందు పైపును ఉప్పు కాగితంతో గరుకు చేసి ప్రైమర్ కొట్టండి, లేదంటే రంగు పెచ్చులుగా ఊడిపోతుంది.